ప్రాథమిక బడికి తెలుగు కథల పుస్తకాలు: ₹12,000లో ఏవి, ఎన్ని కొనాలి?

గోడగూడు (ప్రశ్న)

ఒకటి నుంచి అయిదు తరగతుల బడి, పిల్లలు 42 మంది. కథల పుస్తకాలకని దాతలిచ్చిన డబ్బు ₹12,000 ఉంది. ఇప్పుడు గూట్లో ఉన్నవి "నీతి కథలు", "తెనాలి రామకృష్ణ", "అక్బర్ బీర్బల్" అంటూ నిగనిగలాడే అట్టలతో వచ్చే సెట్లు, రెండు డజన్లు. పిల్లలు తీస్తారు, బొమ్మలు తిరగేస్తారు, మళ్లీ పెట్టేస్తారు. చదవరు.

మూడో తరగతిలో సగంమందికి గుణింతాలు వచ్చు, ఒత్తుల దగ్గర ఆగిపోతారు. అయిదో తరగతిలో నలుగురైదుగురు ఏదిచ్చినా గడగడా చదివేస్తారు. ఒకటి, రెండు తరగతులవాళ్లకి ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే.

ఏ ప్రచురణలు చూడాలి? ఒక్కో కాపీ చొప్పున ఎక్కువ పేర్లు కొనాలా, తక్కువ పేర్లు ఎక్కువ కాపీలా? కొట్లో నిలబడి పేజీ తిప్పినప్పుడు ఇది మా పిల్లలు చదవగలరో లేదో ఎట్లా తేల్చుకోవాలి? చందమామ, బుడుగు కొనమని అందరూ చెబుతున్నారు, వాటి సంగతి కూడా చెప్పండి.

పలకాబలపం

చివరి ప్రశ్న తేలితే మిగతావి సులువవుతాయి, అందుకని అక్కణ్నుంచే.

ముందు పుస్తకాలను రెండుగా విడదీసుకోండి: మీరు చదివి వినిపించేవి, పిల్లలు సొంతంగా చదువుకునేవి. కొనేటప్పుడు ఈ రెంటినీ కలిపేయడంవల్లే గూట్లో పుస్తకాలు కదలవు. ఏడేళ్ల పిల్ల విని ఆనందించే కథ, అదే పిల్ల కూడబలుక్కుని చదవగలిగే కథకంటే ఎంతో పెద్దది, చిక్కనిది. మీ దగ్గరున్న సెట్లలో కథ ఆరేళ్లవాళ్లకి, అచ్చు పన్నెండేళ్లవాళ్లకి. "పూర్వమొకానొక గ్రామమునందు" అన్న మొదటి లైన్లోనే మీ మూడో తరగతి పిల్లాడు చతికిలపడతాడు.

సొంతంగా చదివేవాటికి పుస్తకం మధ్య పేజీ తీసి చూడండి. మొదటి పేజీ ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు.

లైన్లు లెక్కపెట్టండి. ఇప్పుడిప్పుడే చదువు పట్టుబడుతున్నవాళ్లకి పేజీకి ఒకటి రెండు లైన్లు, లైనుకి మూడు నాలుగు మాటలు చాలు. కాస్త నడుస్తున్నవాళ్లకి నాలుగైదు లైన్లు. ఎనిమిది దాటిందంటే అది నాలుగో తరగతికి.

తరవాత ఒత్తులు. "మేక ఆకు మేసింది": మూడు మాటలు, ఒక్క ఒత్తూ లేదు. "ఆకలిగొన్న మేక పచ్చని ఆకుల్ని కమ్మగా మేసింది": ఆరు మాటలు, నాలుగు ఒత్తులు. జరిగింది ఒకటే, రెండో వాక్యం మాత్రం నాలుగు స్టేషన్లలో ఆగే ప్యాసింజరు. అన్ని ఒత్తులూ ఒక్క బరువు కాదు కూడా. చాలా అక్షరాలకి ఒత్తంటే తలకట్టు తీసేసి కింద రాసిన అదే అక్షరం. ట్ట, ప్ప, డ్డ చూడండి, పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. పిల్లలు నీళ్లు నమిలేది ఎక్కువగా వీటి దగ్గరే.

అచ్చు కూడా చూడాలి. మన లిపిలో గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. లైన్ల మధ్య చోటు లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది, అది ఏ లైనుదో పిల్లలకి తెలియదు. అక్షరం పెద్దదే కదా అని సరిపెట్టుకోకుండా రెండు లైన్ల మధ్య మీ చిటికెనవేలు పడుతుందేమో పెట్టి చూడండి. రెండంచులూ సమంగా రావాలని మాటను విరిచిన పుస్తకం ("మేసిం" ఈ లైన్లో, "దట" కింది లైన్లో) రెండో తరగతికి వద్దు. ముదురు బొమ్మమీద తెల్ల అక్షరాలున్నవీ వద్దు.

వీలైతే ఒక పిల్లాణ్ని వెంట తీసుకెళ్లి అదే పేజీ చదివించండి. ఇంగ్లీషు పుస్తకాలకి చెప్పే అయిదు వేళ్ల లెక్కను, అంటే పేజీలో తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవడాన్ని, ఇక్కడికి అట్లాగే దించుకోకండి. "చెట్టుమీదనుంచి" మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో మూడు నాలుగు. తెలుగులో పాతిక మాటల పేజీ తీసుకోండి. ఒకచోట ఆగితే ఆ పుస్తకం వాడిదే. రెండు మూడు చోట్ల ఆగితే పక్కన తోడు కూర్చుని చదివేది. అంతకు మించితే చదివి వినిపించే గుట్టలో పెట్టేయండి.

డబ్బు సంగతి. సొంతంగా చదివే సన్న పుస్తకాలకి ₹6,000. ఒక్కోటి యాభై అయిదు దగ్గర పడిందనుకుంటే నూటపది దాకా వస్తాయి. వాటిని నూటపది పేర్లుగా కొనకండి, 35 పేర్లు, మూడేసి కాపీలు. ఒకటి ఇంటికెళ్తే రెండు బడిలో ఉండాలి, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే కథ చదవాలి. పిల్లలకి పుస్తకం సిఫారసు చేసేది టీచరు కాదు, పక్కనున్న పిల్లే. ఆ పిల్ల చెప్పినప్పుడు పుస్తకం గూట్లో దొరక్కపోతే ఆ మాట వృథా. చదివి వినిపించే పెద్ద బొమ్మల పుస్తకాలకి ₹2,000, ఒక్క కాపీ చాలు. నాలుగు, అయిదు తరగతులకి ₹2,500, ఇవీ ఒక్కో కాపీనే. మిగతా ₹1,500 ముట్టుకోవద్దు. రెండు నెలల తరవాత రిజిస్టరు తీసి, ఏవి ఎక్కువసార్లు ఇంటికెళ్లాయో చూసి, అదే రకానివి కొనండి.

గచ్చకాయ

పైన చెప్పినదాంట్లో ఒత్తుల లెక్కతో నాకు పేచీ ఉంది.

అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు, కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు, పప్పు, బువ్వ. ఒత్తులేని మాట ఇందులో ఒక్కటి చూపించండి. ఒత్తుల్లేకుండా కథ రాయాలంటే ఇంట్లో అమ్మ ఉండకూడదు, వాకిట్లో చెట్టు ఉండకూడదు. చివరికి తాత, ఆవు, ఈగ, మేక మిగులుతారు. వీళ్లతో రాసిన కథలు చప్పగా ఉంటాయి, పాఠ్యపుస్తకంలా ఉన్నాయని పిల్లలే కింద పడేస్తారు.

విడదీయాల్సింది ద్విత్వాన్నీ సంయుక్తాన్నీ. సంయుక్తంలో అక్షరానికి వేరే అక్షరం ఒత్తు. ద్విత్వంలో అక్షరానికి అదే ఒత్తు. ఆ శబ్దం పిల్లలు పుట్టినప్పటినుంచీ నోట్లో నానిందే, కొత్తగా నేర్చుకునేది గుర్తు ఒక్కటే. అందుకే మీరు చెప్పిన మేక వాక్యంలో గొన్న, పచ్చని, కమ్మగా ఒక వారంలో దారికొస్తాయి. మొండికేసేది "ఆకుల్ని" ఒక్కటే, అక్కడ ల కింద న ఉంది. కాబట్టి ముందు ద్విత్వాలు ధారాళంగా ఉన్న కథలివ్వండి. తరవాత రోజూ వాడే సంయుక్తాలు: రాత్రి, చంద్రుడు, పుస్తకం. శాస్త్రం, రాష్ట్రం లాంటి మూడు హల్లుల సంశ్లేషాలు ఆ తరవాత.

ఇంకొకటి. మాట కష్టమా సులువా అన్నదానికంటే మళ్లీ వస్తుందా లేదా అన్నది చూడండి. ఆరు పేజీల్లో ఆరుసార్లు వచ్చే "చంద్రుడు" రెండో తరగతి పిల్లకి మూడో పేజీకల్లా సొంతమైపోతుంది. ఒక్కసారే వచ్చి పోయే ఆరు వేరువేరు సంయుక్తాలు ఆమెను ఆరుసార్లు పడేస్తాయి. చిన్నపిల్లల కథల్లో ఒకే వాక్యం పల్లవిలా తిరిగితిరిగి వచ్చేది అందం కోసమొక్కటే కాదు.

ఒక పుస్తకంలో "వెళ్ళాడు" అనీ ఇంకో పుస్తకంలో "వెళ్లాడు" అనీ ఉంటుంది. రెండూ ఒకటేనని పిల్లలకి ముందే చెప్పేయండి, లేకపోతే తప్పు తమదేననుకుంటారు.

పలకాబలపం

ద్విత్వాల మాట ఒప్పుకుంటున్నాను, నా లెక్క దిద్దుకుంటాను. పాతిక మాటల పేజీలో ద్విత్వాలు ఎన్నున్నా సరే, సంయుక్తాలు రెండు మించకుండా చూడండి. గోడగూడుగారి మూడో తరగతిలో ఇంకా ద్విత్వాలే రానివాళ్లుంటే వాళ్లకోసం "మేక ఆకు మేసింది" తరహావి ఓ అయిదారు పేర్లు ఉంచండి. అంతకంటే అక్కర్లేదు, నెలలో దాటేస్తారు.

అట్టముక్క

ప్రచురణలు, పేర్లు నేను చెబుతాను.

ప్రథమ్ బుక్స్ 2004లో మొదలైంది. తెలుగులో సన్న బొమ్మల పుస్తకాలు ఎక్కువగా దొరికేది వీళ్ల దగ్గరే. నాలుగు స్థాయిలు వేస్తారు: ఒకటో స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది అది దాటినవి. ఈ అంకెను గుడ్డిగా నమ్మకండి. అది కథ పొడవునీ వాక్యాల తీరునీ చూసి వేసేది, మన ఒత్తుల్ని చూసి వేసేది కాదు. ఇంగ్లీషులోనో హిందీలోనో రెండో స్థాయిలో ఉన్న కథ, తెలుగు చేసినవాళ్లు మాటలు బరువైనవి ఎంచుకుంటే మూడో తరగతికీ కొరుకుడుపడదు. పైన చెప్పిన మధ్యపేజీ పరీక్ష దీనికీ పెట్టండి.

తూలిక చెన్నైవాళ్లది, 1996 నుంచి ఉంది. ఒకే పేజీలో ఇంగ్లీషూ తెలుగూ ఉండే పుస్తకాలు వీళ్లవి. బొమ్మలకోసమైనా కొనదగ్గవి, కాకపోతే ధర కాస్త ఎక్కువ. మీరు చదివి వినిపించే ₹2,000 గుట్టలోకి ఇవి.

నేషనల్ బుక్ ట్రస్ట్ 1957లో పెట్టింది. నెహ్రూ బాల పుస్తకాలయం వరస వీళ్లదే. ధర తక్కువ, బొమ్మలు కొన్నిటిలో అద్భుతంగా, కొన్నిటిలో నీరసంగా ఉంటాయి. పాత అనువాదాల్లో భాష పుస్తకాల భాషలా బిగుసుకుపోయి ఉంటుంది. ఒక పేరా పైకి చదివి చూడండి. మీ నోరు తిరక్కపోతే వాళ్ల నోరూ తిరగదు.

సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ల జాబితాను మాత్రం మొత్తం తిరగేయాల్సిందే. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పిల్లల కథల్లో చాలావాటిని మళ్లీ వేసిందీ వీళ్లే, తానాతో (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) కలిసి బొమ్మల కథలు, పిల్లల నవలలు తెచ్చిందీ వీళ్లే. మీ అయిదో తరగతి గడగడరాయుళ్లకి నవలలు ఇక్కడ దొరుకుతాయి.

అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన "కొత్తపల్లి" పత్రిక పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. పిల్లలు రాసినవి, పిల్లలు బొమ్మలు వేసినవి బోలెడు. సైన్సు కావాలంటే జన విజ్ఞాన వేదిక "చెకుముకి" పత్రిక. నాలుగో తరగతి నుంచి పనికొస్తుంది.

చందమామ. 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు చేతిమీదుగా నడిచిన సంచికల వచనం చూడండి: పొట్టి వాక్యాలు, ఎక్కడా తడబాటు లేదు. నాలుగో తరగతి పిల్లకి తెలుగు వాక్యం ఎట్లా నడుస్తుందో చూపించాలంటే నాకు తెలిసి ఇంతకంటే మంచి నమూనా లేదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు అయిదో తరగతివాళ్లని కట్టిపడేస్తాయి. కొత్త సంచికలు లేవు, పత్రిక ఆగిపోయింది. పాత బైండింగులు హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌మీద దొరుకుతాయి. కొనేముందు సీరియల్ మధ్యలో సంచికలు పోలేదు కదా అని చూసుకోండి, బైండింగు చేసేటప్పుడు పోయిన నెలలు పోయినట్లే కుట్టేస్తారు. అచ్చు చిన్నది, పేజీకి రెండు కాలమ్‌లు. కాబట్టి మూడో తరగతి లోపు చేతికివ్వడం దండగ. గయ్యాళి పెళ్లాం, మొద్దు నౌకరు లాంటి కథలు కొన్ని ఈ రోజుల్లో చదివితే చివుక్కుమంటాయి. వాటిని దాటేయండి, మిగతావి చాలా ఉన్నాయి.

బుడుగు గురించి తిట్లు తినడానికి సిద్ధపడే చెబుతున్నాను: అది పిల్లల పుస్తకం కాదు. పిల్లాడి గొంతుతో పెద్దవాళ్లని ఆటపట్టించే పుస్తకం. ముళ్లపూడి వెంకటరమణ చమత్కారమంతా బుడుగుకి అర్థం కానిది మనకి అర్థం కావడంలో ఉంది. పదేళ్ల పిల్లకి ఆ రెండో అంతస్తు అందదు. బాపు బొమ్మలు చూసి తీసుకుంటారు, నాలుగో పేజీలో వదిలేస్తారు. టీచరు దగ్గర ఒక కాపీ ఉండనివ్వండి. అయిదో తరగతికి అభినయిస్తూ చదివితే నవ్వులే నవ్వులు.

నామిని "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" కూడా అంతే. చిన్నతనం గురించి తెలుగులో వచ్చిన గొప్ప కథలు, కానీ ఆరేడు తరగతులు దాటాక.

"రైలుబడి" కొనండి. తోక్యోలో రైలుపెట్టెల్లో నడిచిన బడి కథ, తెత్సుకో కురొయనాగి రాసింది. అధ్యాయాలు పొట్టివి, రోజుకొకటి చొప్పున అయిదో తరగతికి ప్రార్థన తరవాత చదవొచ్చు. జపాను పేర్లు బోర్డుమీద ముందే రాసి పెట్టండి, లేకపోతే మొదటి రెండు రోజులూ ఎవరు ఎవరో తేలదు.

కొనడానికి అదను డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. అన్ని ప్రచురణలూ ఒక్కచోట ఉంటాయి, పేజీలు తిప్పి చూడొచ్చు, అంతో ఇంతో తగ్గింపు కూడా దొరుకుతుంది.

గోడగూడు

చాలా సాయం చేశారండీ. మా ఊరు నిజామాబాదు వైపు. కోస్తా మాటలున్న పుస్తకాలు పిల్లలకి ఇబ్బంది కదా? ఇంకొకటి, స్టోరీవీవర్ వెబ్‌సైట్లో ఉన్నవి ప్రింటు తీస్తే డబ్బు కలిసొస్తుందా?

గచ్చకాయ

మాటకి ఇబ్బంది లేదు, బొమ్మ ఉంటే చాలు. ఒక పుస్తకంలో చిలగడదుంప ఉంటే బొమ్మమీద వేలుపెట్టి "ఇదే మన కందగడ్డ, అనంతపురంలో గెనుసుగడ్డ" అనండి, ఆ పేజీ పాఠమైపోతుంది. ఆనపకాయ, సొరకాయ కూడా అంతే. అసలు ఇబ్బంది క్రియల దగ్గర. చదివి వినిపించేటప్పుడు మీ ఊరి మాటలోకి మార్చి చెప్పినా తప్పులేదు, కానీ వేలు లైను కింద పెట్టి చదివిస్తున్నప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టే చదవండి. కంటికి కనబడేది ఒకటి, చెవికి వినబడేది ఇంకొకటి అయితే కొత్తగా చదువుతున్నవాళ్లు తికమకపడతారు. వేలు కూడా లైను కింద జారాలి. అక్షరం అక్షరానికీ పొడిస్తే పిల్లలు అక్షరాలే పలుకుతారు, మాట పలకరు.

పిన్నుమిషన్

స్టోరీవీవర్ ప్రథమ్ బుక్స్‌దే, 2015లో పెట్టారు. అక్కడి కథలకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది కాబట్టి ప్రింటు తీసుకోవచ్చు, పంచొచ్చు. షరతు ఒక్కటే: రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల, అనువదించినవాళ్ల పేర్లుండే చివరి పేజీ కత్తిరించొద్దు. కాగితం మిగులుతుందని చాలామంది కత్తిరించేది దాన్నే.

అక్కడ ఎవరైనా అనువాదం పెట్టొచ్చు. అందుకని తెలుగు, స్థాయి ఎంచుకున్నాక ప్రచురణకర్త దగ్గర ప్రథమ్ బుక్స్ అని చూసుకోండి. అయినా ప్రింటుకి ముందు ఒకసారి పైకి చదవండి. యంత్రం రాసినట్టున్న వాక్యం రెండో పేజీలోనే బయటపడుతుంది.

ప్రింటులో అందరూ చేసే తప్పు బుక్‌లెట్ పద్ధతి ఎంచుకోవడం. ఈ పుస్తకాల పేజీలు చాలావరకు అడ్డంగా ఉంటాయి. బుక్‌లెట్‌లో పెడితే నిలువు పేజీలో బొమ్మ కుంచించుకుపోయి పైనా కిందా తెల్లగా మిగిలిపోతుంది. ఇట్లా చేయండి. ఏ4 కాగితం నిలువుగా, ఒక వైపు రెండు పేజీలు ఒకదాని కింద ఒకటి, రెండు వైపులా ప్రింటు, పొడవంచుమీద తిప్పడం. తరవాత కాగితాన్ని అడ్డంగా సగానికి కోసేస్తే రెండు ఆకులు వస్తాయి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. పేజీలు వరసగా 1, 2, 3, 4 అని ఇస్తే కోశాక పై ఆకుమీద 1, 3 వస్తాయి, కింది ఆకుమీద 2, 4. వరసను 1, 3, 2, 4 గా మార్చాలి, తరవాతి కాగితానికి 5, 7, 6, 8. ప్రింటు పెట్టెలో అంకెలు కొడితే కొన్ని ప్రోగ్రాములు మళ్లీ వరసలో పెట్టేస్తాయి. ముందే పేజీలు మార్చి కొత్త పిడిఎఫ్‌గా దాచుకుని అది జెరాక్స్ షాపుకి ఇవ్వండి. మొదట ఒక్క కథ నలుపు తెలుపులో తీసి కోసి చూసుకున్నాకే రంగుల్లోకి పోండి.

పదహారు పేజీల కథకి నాలుగు ఏ4 కాగితాలు. మామూలు జెరాక్స్ కాగితం 70, 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటుంది, రంగు అవతలి వైపు కనబడుతుంది. 100 నుంచి 130 జీఎస్‌ఎం అడగండి. సైజు 90 శాతానికి తగ్గించండి, ఎడమవైపు పిన్నుకి చోటు మిగలాలి. ఎడమ అంచుకి ఆరేడు మిల్లీమీటర్ల లోపల రెండు పిన్నులు, మొనలు వెనక అట్టవైపుకి. మొనల్ని సుత్తితో అణచి, వీపు మొత్తం బైండింగు గుడ్డ పట్టీతో కప్పేయండి. అన్ని పేజీలకీ లామినేషన్ చేయించకండి. పేజీ బిరుసెక్కి తిరగదు, అంచులు వేళ్లకి గీరుకుంటాయి, లైటు పడి మెరుస్తుంది. అట్ట ఒక్కదానికి చాలు.

డబ్బు కలిసొస్తుందా అంటే, ఒకటి రెండు కాపీలకి రాదు. రంగుల ప్రింటు, కాగితం, అట్ట లెక్కేస్తే కొట్లో దొరికే సన్న పుస్తకం ధరకే ఇంచుమించు వస్తుంది. అచ్చులో దొరకని కథలకి మాత్రమే ఇది చేయండి.

అలల_అవతల

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. విదేశంలో పెరుగుతున్న ఎనిమిదేళ్ల పిల్లకి ఇదే జాబితా పనికొస్తుందా? తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, అక్షరాలు ఇప్పుడే పూర్తయ్యాయి.

పలకాబలపం

పనికొస్తుంది, రెండు మార్పులతో. తూలిక తరహా రెండు భాషల పుస్తకాల్లో కన్ను ఇంగ్లీషుమీదికే పోతుంది. ఇంగ్లీషు లైన్లమీద అంటించి తీసేసే చీటీలు పెట్టి కప్పేయండి, కథ అయ్యాక తీయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కథలు మాత్రం వద్దు. దీర్ఘాలకి గుర్తు పెట్టకపోతే కల, కాల ఒకటైపోతాయి, పలు, పాలు ఒకటైపోతాయి, ల, ళ తేడా పోతుంది. తరవాత మన లిపిలోకి వచ్చినప్పుడు ఆ తప్పులన్నీ వెంట వస్తాయి. వయసు ఎనిమిదైనా పుస్తకం ఒకటో స్థాయిదే ఇవ్వాలి, కథ మాత్రం పసిపిల్లలదిలా ఉండకూడదు. హాస్యం ఉన్నవి వెతకండి.

గోడగూడు

ప్రశ్నలు ఎక్కువే అయ్యాయి, ఇంకొక్కటి. అయిదో తరగతికి చందమామ బేతాళ కథలు వినిపిద్దామనుకుంటున్నా. భయపడతారా? ఎట్లా చదవాలి?

అట్టముక్క

శవం, శ్మశానం అన్నప్పుడు కాస్త నిశ్శబ్దమవుతారు, అంతే. పాత బేతాళ కథలు పాతికే. చందమామవాళ్లు ఆ చట్రంలో కొత్తవి కల్పించి దశాబ్దాలు నడిపారు, కాబట్టి ఏ కథైనా మొదటిదే అనుకుని మొదలుపెట్టొచ్చు.

కథ రాత్రే మీరొకసారి చదువుకోండి, పాత్రల పేర్లు తడబడితే మజా పోతుంది. మొదటి పేరా, విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించే చోటు, ప్రతి కథలోనూ ఒకటే. మూడో కథకల్లా పిల్లలే అప్పజెప్పేస్తారు, అనివ్వండి. బేతాళుడు ప్రశ్న వేసి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించేచోట పుస్తకం మూసేయండి. విక్రమార్కుడి జవాబు ఆ రోజు చదవొద్దు. ఎవరిది తప్పు, ఎవరికి దక్కాలి అని ఇంటికెళ్లి అడిగి రమ్మనండి. మర్నాడు బోర్డుమీద జవాబులు రాసి, ఎన్ని చేతులు లేస్తే అన్ని గీతలు పెట్టి, అప్పుడు చదవండి. రాజుగారి జవాబు కొన్నిసార్లు పిల్లలకి నచ్చదు. రాజు ధర్మం, కులధర్మం మీద నడిచే తీర్పులవి. నచ్చలేదంటే ఎందుకో చెప్పమనండి, రాజును వెనకేసుకు రావాల్సిన పని మీకు లేదు. "మౌనభంగం" అంటే ఏమిటో ఒక్కసారి చెబితే చాలు, ప్రతి కథ చివరా వస్తుంది.

మీ దగ్గరున్న తెనాలి రామకృష్ణ సెట్లు పారేయొద్దు. అచ్చు బాగోలేదు గానీ కథలు బంగారం. చూడకుండా నోటితో చెప్పండి.

పిన్నుమిషన్

పుస్తకాలు వచ్చాక గూట్లో నిలువుగా పేర్చకండి. ఇరవై పేజీల పుస్తకానికి వీపే ఉండదు, పేరు కనబడదు, తీయాలంటే పక్కవి నాలుగు చిరుగుతాయి. అట్ట కనబడాలి. గోడకి పిల్లల ఛాతీ ఎత్తులో నైలాను తాడు లాగి కట్టి, మధ్య మడతలో పిన్నున్న పుస్తకాలను దండెంమీద బట్టలు ఆరేసినట్టు నడిమి పేజీ దగ్గర తెరిచి వేలాడదీయండి. క్లిప్పులు వద్దు, అట్ట మూల చిరుగుతుంది. పైన చెప్పినట్టు పక్కన పిన్ను కొట్టినవి అట్లా తెరుచుకోవు, వాటిని ట్రేలో అట్ట ముందుకి వచ్చేలా నిలబెట్టండి.

చిరిగితే సెల్లోటేపు వేయొద్దు. ఏడాదిలో పసుపెక్కి, జిగురు కారి పక్క పేజీకి అంటుకుంటుంది. పల్చటి కాగితం పట్టీ, తెల్ల ఫెవికాల్ నీళ్లు కలిపి రాయండి. ఆరేదాకా ఆ పేజీకి రెండు వైపులా పాలిథిన్ ముక్కలు పెట్టండి. మైదా జిగురు వండి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం బైండింగువాళ్ల పాత అలవాటు. మీవి వేలు నాలిక మీద తడిపి పేజీ తిప్పే పిల్లల చేతుల్లో ఉండే పుస్తకాలు, అది విషం, దాని జోలికి పోవద్దు.